ఇనుముకు చెప్పిన ఊరు

తార్నాక సందులో వీరాచారి కొలిమి. కత్తులకు సాన పట్టడం, గడ్డపారలకు మొన సాగదీయడం అతని బతుకుతెరువు. అయినా జడుసుకున్న పిల్లలను ఆ గడపకు ఎత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ. బిడ్డ పుట్టిన ఊరి పేరు గట్టిగా చెప్పి, కాలిన ఇనుమును తొట్టిలో ముంచి, ఆ నీళ్లు మొహాన చల్లితే జడుపు దిగుతుందని వాళ్ల నమ్మకం.

ఆ పొద్దున యూనివర్సిటీలో బాష్పవాయువు గుండ్లు పేలాయి. అక్కడ ప్రత్యేక రాష్ట్ర ర్యాలీలో "ఆంధ్రోళ్లు పోవాలె" అని గొంతు చించుకున్న వీరాచారి, మండే కళ్లతోనే వచ్చి కొలిమి రాజేశాడు. అంతలో పక్క వీధి టీచరమ్మ కరుణమ్మ మనవడిని భుజాన వేసుకొని వచ్చింది. ఆ పేలుళ్లకు జడుసుకున్న పిల్లాడు ఏడుపు ఆపడం లేదు.

వీరాచారి ఎర్రటి ఇనుమును పటకారుతో ఎత్తి, "ఏ ఊరమ్మా?" అన్నాడు.

"మాది... తెనాలండి," అంది ఆమె తల వంచుకొని.

అతనికి చర్రున కోపం వచ్చింది. ఎవరి మీదో అతనికే తెలియలేదు.

"మీ ఊరెవరడిగిన్రు? పిల్లగాడు ఏడ పుట్టిండు?"

"ఇక్కడేనండి."

"మరి గది గట్టిగ చెప్పు. ఇనుముకు ఇనవడాలె."

ఆమె వీధి వైపు చూసి పిల్లాడిని దగ్గరికి పొదువుకుంది. నినాదాలతో బొంగురుపోయిన గొంతుతో వీరాచారే "తార్నాక!" అని అరిచి, ఇనుమును నీళ్లలో ముంచాడు.