రోడ్డింజను ముందర ఎర్రగుడ్డ

మా వీధి మొగదల ఇస్త్రీ చేసే అతను పని ముగించాక పెట్టెలో మిగిలిన నిప్పులు నేల మీద గుమ్మరించి చెంబుతో నీళ్ళు చల్లుతాడు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. తడిసిన బూడిద, వేడి ఇనుము కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలిందంటే నా ఎడమ అరచెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. ఇంట్లోవాళ్ళు కీళ్ళనొప్పి అనుకుని నూనె కాచి తెస్తారు. నూనెతో పోయేది కాదని చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. ఆ వాసన వస్తే నాకు దస్తగిరి మామ గుర్తొస్తాడు.

ఆయన మాకు చుట్టం కాదు. కర్నూలు సాయబు. సర్కారు రోడ్డింజను నడిపేవాడు. ఇప్పటి రోలర్లు డీజిలుతో పోతాయి గాని అప్పటిది బొగ్గుదీ ఆవిరిదీ. పది టన్నుల ఇనుము. ముందర పెద్ద గుండు, వెనక మనిషి ఎత్తు చక్రాలు రెండు, మధ్యలో బాయిలరు, బాయిలరు వెనక పొయ్యి. కర్నూలు రాజధాని అయిన కాలమది. ఎక్కడెక్కడి రోడ్లన్నీ బాగు చేయాలని పైనుంచి ఒత్తిడి. రాయచోటిలో ఉన్న ఇంజన్ని గువ్వలచెరువు కనమ దింపి, కడప దాటించి, నల్లమల వారలో కొత్త రోడ్డు పడే చోటికి చేర్చమన్నారు. దాన్ని ఎక్కించడానికి లారీ ఏదీ లేదు. తన కాళ్ళ మీద తనే నడవాలి. మనిషి నడిచినంత నిదానంగా, ఎక్కుడు వస్తే ఇంకా నిదానంగా. దారి పొడుగునా కుక్కలు కూడా మొరిగి మొరిగి అలిసిపోయి మా పక్కనే నడిచేవి.

మేం ముగ్గురం. ఇంజను మీద దస్తగిరి మామ. వెనక ఎద్దుల బండిలో నీళ్ళ పీపాలతో సుంకన్న. పొయ్యికి బొగ్గు ఎగదోసేది నేను. అప్పటికి నాకు పాతికేళ్ళు పైబడి ఉంటాయి, పెళ్ళయి ఒక కూతురు కూడా. వంక వచ్చినా వంతెన వచ్చినా దిగి, ఎర్రగుడ్డ పట్టుకుని ముందు నడవడం కూడా నా పనే. వంతెన కిందికి దిగి కమాను చూడాలి, బోర్డు ఉంటే చదవాలి. గుడ్డ పైకెత్తితే ఇంజను ఆగుతుంది. చంకలో పెట్టుకుంటే వస్తుంది.

బోర్డు చదవాలి అన్నాను. అసలు సంగతి అక్కడే ఉంది. పనిలో పెట్టుకునేటప్పుడు మామ ఒకటే అడిగినాడు.

"చదువొస్తాదా ఓబులేసూ?"

"నాలుగక్షరాలు వస్తాయి మామా" అన్నాను.

ఒక్కటీ రాదు. కరువు కాలం, ఇంట్లో గింజ లేదు, ఆ పని పోతే వేరే పని లేదు. అబద్ధం చెప్పాను. దానికి సాకులు వెతకను.

గువ్వలచెరువు కనమ దిగేటప్పుడు ఆయనేమిటో నాకు తెలిసింది. బాయిలరు పక్కన గాజు గొట్టం ఒకటి ఉంటుంది, లోపల నీళ్ళెంత ఉన్నాయో దాంట్లో కనిపిస్తుంది. మొదటి మలుపులో "నీళ్ళెంత?" అని అడిగినాడు. "శానా ఉండాయి మామా" అన్నాను. ఇంజను ఆపేసినాడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, చక్రాల కింద జారే గులకరాళ్ళు. ఆయన మాత్రం దిగొచ్చి నా ఎదురుగా నిలబడినాడు.

"శానా అంటే ఎంతప్పా? ఏలు పెట్టి చూపీ."

చూపించాను. అప్పుడు చెప్పినాడు. ఇంజను ముక్కు కిందికి వంగితే లోపలి నీళ్ళు ముందుకు పోతాయి. వెనక పొయ్యి నెత్తిన ఉన్న రేకు బయట పడుతుంది. కింద నిప్పు, పైన నీళ్ళు లేని ఇనుము. కాసేపట్లో అది ఎర్రగా కాలి మెత్తబడిపోతుంది. "అది పగిలితే నాకు గోరీ కట్టేదానికి నిన్ను బొందపెట్టేదానికి ఏమీ దొరకదు. సుంకన్న ఎద్దులు మాత్రం మిగిలితే మిగల్తాయి." ఈ మాట నవ్వకుండా అన్నాడు. "తెలిస్తే ఏలు పెట్టి చూపీ. తెలీకుంటే తెలీదను. తెలీదన్నోణ్ణి నేను నమ్ముతా. ఉంటాదిలే అన్నోడితో ఈ ఇంజను నడవదు."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. మామా, నాకు అక్షరం ముక్క రాదు అని. నోటిదాకా వచ్చింది. రాయచోటి దగ్గర్లోనే ఉంది, వెనక్కి పంపేస్తాడని మింగేశాను. ఆ రోజంతా వేలు పెట్టి నీళ్ళు చూపిస్తూ, మలుపు మలుపుకూ చక్రాల కింద దుంగలు వేస్తూ కనమ దిగాము.

కడప దాటాక ఎర్రనేల వచ్చింది. వాన పడి ఏళ్ళయినట్టుంది. నేలంతా గండ్లు పడి, చిన్న చిన్న దిబ్బలుగా చీలిపోయి, మేకకు కూడా పచ్చటి ఆకు లేదు. అక్కడక్కడా వంతెనలు వచ్చేవి. బోర్డు ఉన్న చోట ఎవరైనా బండివాళ్ళు, బడిపంతుళ్ళు వచ్చేదాకా బీడీ ముట్టించుకుంటున్నట్టు నిలబడేవాణ్ణి. "ఇదేం రాసినారప్పా, ఎండకు అక్షరాలు మెరుస్తాండాయి" అని అడిగేవాణ్ణి. వాళ్ళు చదివేవాళ్ళు. నేను గుడ్డ చంకలో పెట్టుకునేవాణ్ణి. అట్లా నాలుగైదు వంతెనలు దాటించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఒక ఊళ్ళో నీళ్ళు పట్టుకోవాలి. ఊరంతటికీ ఒకటే బావి, దాని చుట్టూ కడవలు వరసగా పెట్టి ఉన్నాయి. సుంకన్న బండి బావి దగ్గరికి తోలితే ఒక ముసలామె ఎద్దుల ముక్కుతాడు పట్టుకుంది.

"ఎన్ని కడవలు కావల్ల?"

"నలభై అవ్వా."

"నా మనవరాలికి ఒకటిన్నర వస్తాది దినానికి. మీ ఇనుప దున్నపోతుకు నలభయ్యా? దానికి దూడలేమన్నా ఉండాయా?"

సుంకన్న సర్కారు పని అంటూ గొంతు పెంచబోతే దస్తగిరి మామ వారించినాడు. "ఆయమ్మ చెప్పింది నిజమే. బండి తిప్పు" అన్నాడు. ఊరి బయట వంకలో చెలమ తోడి, బురదనీళ్ళు తన తలగుడ్డతో వడపోసి రెండు పీపాలు నింపించినాడు. ఉన్నవి నాలుగు. తర్వాతి చెరువు దాకా వస్తాయో రావో. "నిలబడకుండా పోవల్ల. నిలబడితే బొగ్గూ దండగే, నీళ్ళూ దండగే" అన్నాడు.

మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం ఆ వంతెన వచ్చింది. దూరంగా నల్లమల నీలంగా కనిపిస్తోంది. పాత రాతి కమాను. పక్కనే బోర్డు, ఇంగ్లీషు పైన, తెలుగు కింద. అటూ ఇటూ చూశాను. మనిషి లేడు. బీడీ ముట్టించాను, అయిపోయింది. వెనక ఇంజను వస్తున్న చప్పుడు. ఆపితే నీళ్ళు దండగ, ఆపి ఏం చెప్పాలి? కిందికి దిగి కమాను చూశాను. ఒక పక్క బాగానే ఉంది. రెండో పక్క కంపచెట్లు అడ్డంగా ఉన్నాయి, ముళ్ళలోకి దూరలేదు. పైకొచ్చాను. ఉంటాదిలే అనుకున్నాను. గుడ్డ చంకలో పెట్టుకున్నాను.

ముందరి గుండు వంతెన మధ్యకు రాగానే కింద రాళ్ళు రాలిన చప్పుడు వినిపించింది. నేను గుడ్డ ఎత్తేలోపు గుండు కిందికి దిగిపోయింది. పడిపోయినట్టు కాదు, బురదలో కాలు దిగినట్టు. మోకాలెత్తు దిగి రాళ్ళ మధ్య ఇరుక్కుంది. ఇంజను ముక్కు వంగి, వెనక భాగం పైకి లేచింది. కనమలో ఆయన చెప్పిందంతా కళ్ళముందు కనిపించింది. పరుగెత్తి పక్కకు వచ్చి చూశాను. గాజు గొట్టంలో నీళ్ళు లేవు.

మామ ఇంజన్ని వెనక్కి లాగి చూసినాడు. చక్రాలు గిర్రున తిరిగాయి గాని కదల్లేదు. అప్పుడు తల తిప్పి మెల్లగా అడిగినాడు.

"బోర్డులో ఏముండాది ఓబులేసూ?"

"తెలీదు మామా. నాకు చదువు రాదు."

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. నా వంక ఒక్క క్షణం చూసినాడు, అంతే. "సుంకన్నా, ఎద్దుల్ని దూరంగా తోలుకొని పో" అన్నాడు. సుంకన్న చేతిలో నీళ్ళ బక్కెట్టు ఉంది. "నిప్పు మీద పొయ్యనా సాయబూ?" "పోస్తే కాలిన ఇనుము పగిలి ఈడనే సస్తాం. నిప్పు లాగెయ్యల్ల." ఆవిరి బయటికి వదిలే తిరుగుడు పిడి మీద చెయ్యి పెట్టి ఆయన కదలకుండా నిలబడినాడు. పొయ్యి ఊడ్చే కొక్కెం ఆయనకు అందే చోట లేదు. నన్ను రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు.

నేను ఎక్కాను. ధైర్యం అనకండి. కింద కమాను రాళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి. పొయ్యి తలుపు తీసి కొక్కెంతో నిప్పులు లాగి లాగి రోడ్డు మీదికి తోశాను. ఏటవాలుకు జారి పడబోయి ఎడమ చెయ్యి పొయ్యి తలుపు మీద ఆనించాను. తోలు దానికే అంటుకుపోయింది. ఆయన "ఇంకెంత?" అని అడుగుతున్నాడు. నేను కుడిచేతి వేళ్ళతో చూపిస్తున్నాను. జానెడు. బెత్తెడు. పిడికెడు. అయిపోయింది. ఆవిరి తగ్గిపోయి, ఇంజను ఆవులించినట్టు ఒక చప్పుడు చేసి చల్లబడింది. అప్పుడు సుంకన్న వచ్చి రోడ్డు మీది నిప్పుల మీద బక్కెట్టు కుమ్మరించినాడు. నేను చెప్పిన వాసన అదే.

సాయంత్రానికి ఓవర్సీరు సైకిలు మీద వచ్చినాడు. బోర్డు చూసి, గోతిలో దిగిన ఇంజన్ని చూసి, "ఎవరు రమ్మన్నది?" అన్నాడు. నేను తల దించుకుని కాలిన చెయ్యి చూసుకున్నాను. చెయ్యి మండుతోందని కాదు, భయం. దస్తగిరి మామ చెప్పినాడు. "నేనే సార్. పోతాదనుకున్నా." నన్నయితే ఆ పూటే పంపేసేవాళ్ళు. ఆయన్ని ఇంజను మీంచి దింపి కంకర రాశులకు కాపలా పెట్టినారు. ఇరవై ఏళ్ళు ఇంజను నడిపిన మనిషి, రాళ్ళకు కాపలా.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు సంచీ భుజాన వేసుకుని అన్నాడు. "నాకు ఉర్దూ చదువు తప్ప రాదప్పా. ఈ బోర్డులు నాకు తెల్లకాగితాలు. అందుకే చదువొచ్చినోడు కావల్ల అని నిన్ను పెట్టుకున్నా." తిరిగి చూడకుండా నడుస్తూ ఇంకొకటి అన్నాడు. "ఆ బోర్డు చదివినప్పుడు నా ముందరికి రా. అంతదాకా రావద్దు."

అక్షరాలు నేర్చుకునేసరికి నాకు ముప్పై దాటాయి. నాకు పంతులు నా కూతురే. బడి నుంచి రాగానే తన పలక నా ముందు పెట్టేది. కాలిన చేత్తో పలక పట్టుకోవడం కష్టంగా ఉండేది. "నాయనా, దున్నేటోడి మాదిరి గీస్తాండావు, అక్షరం కన్నీరు పెడతాది" అనేది. ఏడాది పట్టింది. ఒక రోజు బస్సెక్కి ఆ వంతెన దగ్గర దిగాను. కమాను కొత్తగా కట్టినారు. పాత బోర్డును మాత్రం ఎవరూ పీకలేదు. ఎండలో నిలబడి ఒక్కో అక్షరం చదివాను. కింద కూర్చుని మళ్ళీ చదివాను. అక్కడి నుంచి అదే రోడ్డున కర్నూలు పోయాను.

పాతబస్తీలో ఒక సందు. ఆయన మంచం మీద కూర్చుని స్టవ్వు బాగు చేస్తున్నాడు. చూపు తగ్గింది. "ఎవరూ?" అన్నాడు.

"ఎర్రగుడ్డోణ్ణి మామా."

చేతిలో పని ఆగింది. తల ఎత్తకుండా అడిగినాడు. "బోర్డులో ఏముండాది?"

"పాత వంతెన. ఐదు టన్నులకు మించిన బరువు పోరాదు."

"మనది పది." వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. "అంటే సగం ఇంజను పోవచ్చన్నమాట." లోపలికి తిరిగి భార్యను టీ పెట్టమన్నాడు. "రెండు లోటాలు" అన్నాడు. నా ఎడమ చెయ్యి తీసుకుని మచ్చ మీద బొటనవేలితో ఒకసారి తడిమి వదిలేసినాడు. ఆ తర్వాత దాని మాటే ఎత్తలేదు.

ఆయన పోయి చాలా కాలమైంది. నాకు ఎవరేమడిగినా తెలిస్తే కొలత చెబుతాను, తెలీకపోతే తెలీదంటాను. మొరటోడు అంటారు, అననీ. బస్సులో కునుకు తీస్తున్నా సరే, వంతెన దగ్గర పడగానే నాకు మెలకువ వస్తుంది. బోర్డు వెనక్కి పోయేలోపు చివరిదాకా చదువుతాను. నాది ఇప్పటికీ పెదవులు కదిలించే చదువు. పక్కన కూర్చున్నవాళ్ళు ముసలాయన జపం చేసుకుంటున్నాడని కాస్త జరిగి చోటిస్తారు.