గ్రాసియానా కొండ మీద మోసగడ్డి

సేజ్ పొదకీ పొదకీ మధ్య నేల ఖాళీగా ఉండాలి. ఉత్తర నెవాడాలో ఆవుల్ని మేపి బతికేవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. చెప్పనక్కర్లేని సంగతులనే జనం ముందుగా మరిచిపోతారు. గ్రాసియానా ఉర్రుతి మరిచిపోలేదు. అయినా ఆ ఖాళీ ఆమె చేతుల మీదుగానే నిండింది.

ఆమె యూరప్ నుంచి వలస వచ్చిన బాస్క్ జాతి గొర్రెలకాపరి కూతురు. వినెముకా ఊళ్ళో కాపరులు బస చేసే పూటకూళ్ళ ఇంట్లో, వంటింటి పక్కగదిలో పుట్టింది. రెనోలో రెండేళ్ళు మొక్కల చదువు చదివి, మూడో ఏడు పుస్తకాలు అటకెక్కించి, ఆర్నో ఉర్రుతిని చేసుకుని లోన్ స్ప్రింగ్ కొండ కింద కాపురానికి వచ్చింది. ఆర్నో పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. నూట ఎనభై ఆవులు, ఆర్నో తమ్ముడు పేయో, ఆ కొండ: ఇదీ ఆమె సంసారం.

కింద లోయ ఎప్పుడో చేజారింది. మూడుసార్లు తగలబడి, మూడోసారికి సేజ్ అన్నది లేకుండా పోయి, కొండవార దాకా మోసగడ్డి పరుచుకుంది. ఏప్రిల్లో పచ్చగా ఊరిస్తుంది. జూన్‌లో ఎర్రబడుతుంది, అప్పుడు నోట పెట్టిన ఆవుకు ముళ్ళు చిగుళ్ళలో దిగుతాయి. జూలైకి ఎండి, పిడుగు కోసం కాచుకుని ఉంటుంది.

పైన మాత్రం పాత లోకమే. బూడిదరంగు పొదలు, కొన్ని గ్రాసియానా తాత పుట్టకముందువి, మొదళ్ళు తాళ్ళలా మెలితిరిగి. చలికాలం మంచు వాటి చాటునే ఆగుతుంది. ఆ తడి మీద దుబ్బుగడ్డి, దాని పక్కన నీలి లూపిన్లు, మే నెలలో పసుపుపచ్చటి బాల్సమ్ పూలు. వీటి మధ్య నల్లటి పెచ్చు కట్టిన నేల, పాచీ నాచూ కలిసి అల్లుకున్నది. ఆ పెచ్చు ఉన్నంతకాలం మోసగడ్డి గింజ లోపలికి దిగడం కష్టం. పెచ్చు పోతే గడ్డి వస్తుంది, గడ్డి వస్తే నిప్పు వస్తుంది. కాలిన సేజ్ మొదలు మళ్ళీ చిగురించదు. వేసవి మేతంతా పైనే గనక, ఆ కొండ పోయిన ఏడాదే ఆవుల్ని అమ్మి, తలుపుకు తాళం వేయాలి.

ఆర్నో ఉన్నన్నాళ్ళూ ఆవులకు ఉప్పుదిమ్మలు ఊట దగ్గరే పెట్టేవాడు. నీళ్ళూ ఉప్పూ ఒక్కచోటే దొరికేసరికి ఆవులు అక్కడే తిష్ఠ వేసి, ఊట గట్టును బురదగుంట చేశాయి. ఆయన పోయాక ఒక శీతాకాలపు సభలో, పశువులు చెల్లాచెదరుగా మేయాలంటే ఉప్పు నీళ్ళకు దూరంగా పెట్టాలని చెప్పగా గ్రాసియానా విన్నది. మంచి సలహాయే. దిమ్మలు కొండ నడుముకు చేర్చింది. ఒక చలి వసంతంలో ఆవుల్ని అక్కడే నిలపడానికి లోయలో కోసిన ఎండుగడ్డి కూడా నాలుగు బళ్ళు తోలింది. మూడేళ్ళలో ఊట తేటపడింది, గట్టు మీద విల్లో కొమ్మలు లేచాయి. ప్రకృతి తల్లిని కాపాడిన రైతమ్మ అని ఎవరో ఒక చెక్కపలక కూడా ఇచ్చారు. నేల సంగతి తెలియనివాళ్ళే దాన్ని తల్లీ చెల్లీ అంటారు. ఆ పలకను ఆమె కోళ్ళగూటి తలుపుకు అడ్డుగా వాడింది.

ఆరో ఏడు జూన్‌లో, గుర్రం మీద ఉప్పు దగ్గరికి వెళ్ళి, కళ్ళెం బిగబట్టి ఆగిపోయింది. వెనక పేయో గుర్రం వచ్చి ఆమె గుర్రాన్ని తాకింది.

"ఏంటొదినా, పాము కనపడిందా?"

"పామైతే దాని దారిన అదే పోయేది."

దిమ్మల చుట్టూ ఇల్లంత మేర పెచ్చు పొడైపోయి ఉంది. అక్కడి నుంచి పొదల మధ్యకు వేళ్ళు చాచినట్టు ఎరుపు పాకింది.

పేయో దిగి ఒక మొక్క పీకాడు. వేలెడు వేరుతో సహా వచ్చింది. "కింద దానికీ దీనికీ తేడా లేదు. ఎట్లా వచ్చిందో ఇంత పైకి."

"నేను తోలిన గడ్డిలో వచ్చింది. ఆవులు తొక్కి నాటాయి."

"అట్లా అనుకుంటే ఎట్లా? అన్నయ్య ఉన్నా అదే చేసేవాడు."

"మీ అన్నయ్య ఒకరి మాట వినేవాడు కాదుగా. ఊట బురదగుంట అయినా దీనికంటే మేలే."

పన్నెండు రోజులు ఇద్దరూ వంగి పీకారు. పీకుతుంటేనే గింజలు రాలుతున్నాయి. పదమూడో రోజు పేయో నడుం పట్టుకుని కూలబడి, "ఒదినా, ఇది తలవెంట్రుకలు పీకి పేలు పోగొట్టుకోవడం లాగుంది," అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆకాశం చూస్తున్నది. పడమట మబ్బులు లేస్తున్నాయి. వాటి కింద వాన చారలు సగం దూరంలోనే ఆవిరైపోతున్నాయి.

జూలైలో ఉరుములు రోజూ వచ్చేవి, చినుకు మాత్రం లేదు. మూడో వారంలో గ్రాసియానా ట్రాక్టరుకు డిస్కు నాగలి తగిలించింది. లోయగడ్డికీ పైపొదలకూ మధ్య, ఉప్పు పెట్టిన చోటు మీదుగా, కొండ నడుం చుట్టూ ముప్పై అడుగుల వెడల్పున నేల తిరగేయాలని ఆమె లెక్క. అది తన పట్టా భూమి, అడిగేవాళ్ళు లేరు.

పేయో ట్రాక్టరు ముందు నిలబడ్డాడు. "నూరేళ్ళ పొదలొదినా."

"నూరేళ్ళవి నాలుగొందలు పోతాయి. మిగతావి బతుకుతాయి."

"పెచ్చు కూడా పోద్ది."

"పెచ్చు పోతే నిప్పు ఆగుద్ది. ఏది ముందు కావాలో చెప్పు."

పేయో పక్కకు జరిగాడు. డిస్కు కింద పొదలు ఎముకల్లా పటపటమన్నాయి. వాన పడ్డప్పుడు మాత్రమే వచ్చే సేజ్ వాసన ఆ ఎండలో, వానే లేకుండా, కొండంతా నిండింది. అది ఆమెకు బొత్తిగా నచ్చలేదు.

ఆగస్టు నాలుగో తారీకు మధ్యాహ్నం లోయలో పిడుగు పడింది. మంట మోసగడ్డి మీద గుర్రం కంటే వేగంగా పైకి వచ్చింది. ఇరుగుపొరుగు నీళ్ళబళ్ళతో చేరేలోపే తిరగేసిన నేల అంచుకు తగిలి, కాసేపు అటూ ఇటూ వెతుక్కుని, చచ్చిపోయింది. పైన ఒక్క ఆకు మాడలేదు. ఆ శనివారం ఊళ్ళో గొర్రెమాంసం కూర, బీన్సు వండి, అందరూ ఆమె ఆరోగ్యానికి పికాన్ మద్యం గ్లాసులెత్తారు. పేయో కూడా ఎత్తాడు. ఆమె రెండు ముద్దలు తిని లేచింది.

మరుసటి ఏప్రిల్ నెలాఖరుకి మంచు కరిగాక ఇద్దరూ పైకి వెళ్ళారు. కొండ నడుం చుట్టూ, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ముప్పై అడుగుల వెడల్పున, అంచులు కత్తిరించినట్టుగా పచ్చటి గీత. దుబ్బుగడ్డి పచ్చ అది కాదు. అంతకంటే లేతగా, మెత్తగా, ఒత్తుగా ఉంది.

"మోసగడ్డికి రోడ్డేశాం," అన్నాడు పేయో.

"ఎర్రబడటానికి ఎన్నాళ్ళుంది?"

"ఆరు వారాలు. ఈసారి నిప్పు కింద నుంచి రానక్కర్లా. ఇక్కడే పుట్టి, గాలి ఎటు తోలితే అటు పైకి."

గ్రాసియానా, "ఆవుల్ని తోలుకురా," అంది. "ఎర్రబడకముందే గొరగాలి దీన్ని."

"ఎన్ని?"

"అన్నీ."

"తింటాయి, నిజమే. కానీ తిన్నాక ఈ గీత మీదే నిలబడి ఉంటాయా? వాటికి గీతంటే ఏం తెలుసొదినా?"

"నీ దగ్గర ఇంకో ఉపాయం ఉంటే చెప్పు."

మర్నాడు పొద్దున్నే నూట ఎనభై ఆవులూ పచ్చగీత మీద తలలు దించాయి. గడ్డి తెగుతున్న చప్పుడు చెవులకు హాయిగానే ఉంది. మిట్టమధ్యాహ్నానికి పడమటి గాలి లేచింది. కడుపు నిండిన ఆవులు ఒకటొకటిగా తలలెత్తి, గాలి చాటు వెతుక్కుంటూ, పై పొదల మధ్యకు నడిచాయి. పేయో గుర్రాన్ని అడ్డం తిప్పి కేకలేస్తూనే ఉన్నాడు. నలభై తిరిగొచ్చాయి. మిగతావి పొదల చాటున నల్లపెచ్చును గిట్టలతో పగలగొట్టి, దాని మీద మోకాళ్ళు మడిచి, పొట్టలు ఆనించి, నెమరు వేయడం మొదలుపెట్టాయి.