కాళ్ల వైపు పట్టుకున్నవారు

దయ్యాల మాట ఎత్తినవారిని నేను ఎన్నడూ గౌరవించలేదు. స్కూల్ ఫైనల్ ముగించి, ఆసుపత్రిలో వార్డు పని క్రమపద్ధతిలో నేర్చుకున్నవాణ్ణి. కారణం లేని కార్యం ఉండదని ఈనాటికీ నమ్ముతాను. ఒక్క విషయంలో మాత్రం ఆ కారణం నాకు దొరకలేదు.

పందొమ్మిది వందల యాభైలలో, ఎర్రగుంట్లకు సమీపాన ఒక పల్లెలో, పక్షవాతంతో పడిపోయిన రైతుకు ఇంటివద్దే ఉండి సేవ చేసే పనికి కుదిరాను. అందరూ ఆయనను పెద్దాయన అనేవారు. మాట పోయింది. ఎడమచేయి ఒక్కటే ఆడేది. ఒళ్లు తుడవడం, గంజి తాగించడం, పుండ్లు పడకుండా వేళకు పక్క మార్చడం నా విధులు.

భారీ మనిషి. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. నేను భుజాల కింద చేతులు వేసేవాణ్ణి. కొడుకు ఓబులరెడ్డి కాళ్లు పట్టేవాడు. అవతలివారు కాళ్లు ఎత్తిన క్షణం ఇవతలి చేతుల్లో బరువు తేలికవుతుంది. ఆ పని చేసినవారికి అది పొరపాటుపడే విషయం కాదు.

ఆదోని నుంచి కూతురు వస్తున్నదని కబురు వచ్చింది. అప్పటినుంచి ఆయన చూపు గడప మీదే. ఆమెను చూసేదాకా బతకాలన్నదే ఆయనకు మిగిలిన కోరిక.

మరునాటి మధ్యాహ్నం నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన కింద ఉన్నారు. బండల మీద చాప, చాప మీద ఆయన, తల దక్షిణానికి. ప్రాణం పోతున్న మనిషిని మా ప్రాంతంలో మంచం దించి అలాగే పడుకోబెడతారు. జారిపడ్డారనడానికి ఒంటిమీద దెబ్బ లేదు, పక్క దుప్పటి నలగలేదు. నా మణికట్టు పట్టుకుని ఏడ్చారు.

ఓబులరెడ్డి చేలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది పెద్దాయన చెల్లెలు గంగమ్మ, నడుము వంగిన ముసలామె. ఆమె నన్నే అనుమానించింది.

"ఏమబ్బీ, శానా తొందరగా ఉండాదే నీకు! మనిషి ఇంకా గంజి తాగుతాండాడు, అప్పుడే చాపేసినావా?"

మరునాడు గదికి బయటినుంచి గొళ్లెం వేసి వెళ్లాను. తిరిగి వచ్చి తీసేసరికి మళ్లీ చాప మీదే ఉన్నారు. ఈసారి గంగమ్మ గొంతు తగ్గించింది.

"మా వదిన మంచం మీదనే పాయె. యాళకు దించేదానికి ఎవరూ లేకపోయిరి. ఆ గతి మా అన్నకు ఆయమ్మ పట్టనీదులే."

రోగి ముందు అటువంటి మాటలు కూడదని గద్దించాను.

ఆ మరునాడే కూతురు వచ్చే రోజు. ఓబులరెడ్డి బండి కట్టుకుని స్టేషనుకు వెళ్లాడు. నేను గది కదలలేదు. మంచం మీద ఆయన వెనుక కూర్చుని, చంకల కింద చేతులు వేసి గట్టిగా పట్టుకున్నాను. పట్టపగలు. వంటింట్లో గంగమ్మ సంగటి కెలుకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆయన చూపు గడప మీదినుంచి తన కాళ్ల వైపు మళ్లింది. నా మణికట్టులో ఆయన గోళ్లు దిగాయి.

బరువు తేలికైంది.

బలమంతా పెట్టి వెనక్కి లాగాను. పట్టు వదలలేదు. వదలకుండానే ఆయనతోపాటు నేనూ కిందికి దిగాను. ఆ దిగడంలో ఎక్కడా కుదుపు లేదు. నేను చాప వేయలేదు. కింద చాప ఉంది. నా మణికట్టు మీద ఆయన వేళ్లు సడలిపోయాయి.

కాసేపటికి బండి వచ్చింది. ఓబులరెడ్డి తండ్రిని చూసి నా చేతులు పట్టుకున్నాడు.

"యాళకు దించినావప్పా. మా యమ్మకు మేం చేయలేకపోతిమి."

దించకూడదనే పట్టుకున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కూతురు గడప దగ్గరే కూలబడింది.

"నేనొస్తాండానని నాయనకు తెలుసునా?"

"తెలుసమ్మా," అన్నాను. అంతకు మించి ఏమీ చేయలేకపోయాను.

ఆ తరువాత ఎందరినో ఎత్తాను, దించాను. కాళ్ల వైపు మనిషి నిలబడి ఉండడం కళ్లారా చూడనిదే ఎవరి భుజాల కిందా చేతులు వేయలేదు. ఆనాడు అవతల పట్టుకున్నది ఎవరో నాకు తెలియదు. రోగిని నొప్పి కలగకుండా దించడం మాత్రం వారికి నాకంటే బాగా తెలుసు.