కంచె లోపలి కలే తుప్పలు

ఆదివారం ఉదయం ఆరున్నరకి విజయనగరం కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కాను. కళింగపట్నం దారిలో, సముద్రానికి దగ్గరగా, పాతకాలపు తుప్పల అడవి కొంచెం మిగిలిందనీ, కంచె వేసి పార్కుగా కాపాడుతున్నారనీ మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది. చిన్నప్పుడు మా ఊళ్ళో మేం కలేపళ్ళు, అదే వాక్కాయలు, కోసుకున్న చోట ఇప్పుడన్నీ ప్లాట్లే. ఒకసారి కళ్ళారా చూసి రావాలనిపించింది.

శ్రీకాకుళంలో ఇడ్లీ తిని కళింగపట్నం బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్ళకి టికెట్టు ఉచితమే గానీ సీటు దొరకడమే కష్టం. సర్దుకుని చోటిచ్చినావిడ పేరు అప్పలనరసమ్మ. ఆవిడది పార్కు పక్క ఊరే. నేనెక్కడికి వెళ్తున్నానో చెప్పగానే ఆవిడ ముఖం వికసించింది.

"మా ఊరి మెట్టే అది. మేకలు తిరిగితే మొక్క లేవదని పార్కోలు సెప్పినారు. నిజమే గదాని నా మేకలన్నీ అమ్మీసినాను. మరి కంచె దాటి ఎల్లనేదు. ఎలగున్నాదో సూస్తాను, నీతో వస్తానమ్మా."

బస్సు దిగి ఇసుక బాటలో నడిచాం. గేటు దగ్గర ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను. లోపల కలే తుప్పలు, బలుసు, పాలచెట్లు ఒకదాన్నొకటి అల్లుకుని ఉన్నాయి. "ఎంతెత్తు లేసినాయో సూడు!" అంటూ ఆవిడ ప్రతి కొమ్మనీ నిమిరింది.

మలుపు తిరిగేసరికి జేసీబీ చప్పుడు. అక్కడినుంచి అంతా ఎర్రమట్టి. వేళ్ళతో సహా పెకలించిన తుప్పలు కుప్పగా పడున్నాయి. కొమ్మలకి కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పక్కన చుట్టలు చుట్టిన లాన్ గడ్డి, పుట్టగొడుగు ఆకారంలో సిమెంటు కుర్చీలు.

ఇదేమిటని సూపర్‌వైజర్ని అడిగాను.

"టికెట్టు కొని వచ్చినవాళ్ళు, ఇక్కడ చూడ్డానికి ఏముంది, అన్నీ పిచ్చి తుప్పలే అంటున్నారు మేడం. మీలాంటి వాళ్ళ కోసమే ఇదంతా."

అప్పలనరసమ్మ ముందుకొచ్చి అంది: "బాబూ, నా మేకలు ఆకులే తినీవి. ఏర్లు తిననేదు."

అతను ఫోన్ చూసుకుంటూ పక్కకి వెళ్ళిపోయాడు.

ఆవిడ కుప్పలోంచి ఒక కలే కొమ్మ తీసుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని లాక్కున్నాడు. "లోపలివేటీ బయటికి పట్టుకెళ్ళకూడదు. రూలు."

ఆవిడ నాకేసి చూడకుండానే ఊరి దారి పట్టింది.

మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేశాను. ఆ తుప్పల్లో మిగిలినవి చాలా అందంగా ఉన్నాయి. త్వరగా వెళ్ళి చూడండని రాయాలనే ఉంది. కానీ వాటిని కొట్టేస్తున్నది చూడ్డానికి వచ్చేవాళ్ళ పేరు చెప్పే. అందుకే ఏ స్టాపులో దిగాలో రాయలేదు.