బిందుమాధవి రెక్క

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఒకదాని రెండో అంతస్తులో ఏళ్ల తరబడి గాలి పాఠం చెబుతున్న మనిషి బిందుమాధవి. రెక్కల మీద, ఫ్యాన్ల మీద గాలి ఎలా పోతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఆమె నేర్పేది. "వస్తుందేమో" అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. "వస్తుంది" అంటుంది, అంతే. కానీ ఇన్నేళ్లలో ఆమె గీసిన ప్రొపెల్లర్ ఒక్కటీ తెర దాటి బయటికి రాలేదు. ఆ వెలితి ఆమెను లోలోపల తొలుస్తూనే ఉండేది.

మీర్‌పేట్ వెంకటేశ్వర్లు, పొలాలు ప్లాట్లయ్యాక, మిగిలిన షెడ్డులో పురుగుమందు చల్లే డ్రోన్లు తయారుచేస్తున్నాడు. బయటినుంచి తెప్పించే బ్లేడు మానేసి ఆమె గీసిన బ్లేడుకు అచ్చు చేయించడానికి సగం ఒప్పుకున్నాడు. మిగతా సగం కళ్లతో చూశాకే అన్నాడు. ఆ మధ్యాహ్నం వచ్చి ఆమె పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తెర మీద బ్లేడు నిజంగా తిరగదు. దాని చుట్టూ డబ్బాలాంటి హద్దు గీసి, ఆ లోపలి చోటంతా ఇంత వేగంతో, ఈ వైపు తిరుగుతోందని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. ఏ వైపో బిందుమాధవి ఎప్పుడూ కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి పేరు చెప్పే నేర్పుతుంది. పైనుంచి చూస్తే ప్రదక్షిణం చేసినట్టుండాలి. వేగం అంకె కొట్టి, బటన్ నొక్కింది.

ఇద్దరూ టీ తాగి వచ్చేసరికి ఫలితం సిద్ధంగా ఉంది. పైకి లేపడం మాట దేవుడెరుగు, బ్లేడు డ్రోన్‌ను కిందికి నొక్కుతోంది.

"గిదేంది మేడం, ఎగురుతదంటే భూమిలకు పోతున్నది" అన్నాడు వెంకటేశ్వర్లు.

ఆమె ఒక్క క్షణం చూసి నుదురు కొట్టుకుంది. కుడి బొటనవేలు పైకి నిలబెడితే మిగతా వేళ్లు ముడుచుకునే వైపే ఆ సాఫ్ట్‌వేర్‌కు ప్లస్. ప్రదక్షిణం దానికి మైనస్. ప్రదక్షిణానికి మైనస్ పెట్టడానికి మనవాళ్లకు చెయ్యి రాదు మరి. సాఫ్ట్‌వేర్ ఏ గుడి మెట్లూ ఎక్కి ఎరగదు.

"తప్పు నాదేనండి" అని మైనస్ పెట్టి మళ్లీ నడిపించింది. ఈసారి బ్లేడు పదకొండున్నర కిలోలు పైకి లేపింది.

వెంకటేశ్వర్లు ముఖం మాత్రం విప్పారలేదు. "అడ్డగీత ఒకటి పెడితే భూమిలకు పోయేది మీదికి లేస్తదా? నా కోసం సర్దిన్రేమో అనిపిస్తది. ఎట్ల నమ్మాలె మేడం?"

అడిగినదాంట్లో తప్పు లేదు. ఆమెకు కోపం రాలేదు, పంతం వచ్చింది.

"మీ పాత బ్లేడు ఎంత లేపుతుందో షెడ్డులో కాటా మీద చూసే ఉంటారు. అది నాకు చెప్పకండి. దాని కొలతలు నా దగ్గరున్నాయి, మీ ముందే లెక్కగడతాను. నా అంకె మీ కాటా కంటే కొంచెం ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు. మీరు బ్లేడు బిగించి తూచే స్టాండు రాడ్డు కింద గాలికి అడ్డంగా ఉండి కొంత బలం తినేస్తుంది. నేను దాన్ని గీయట్లేదు."

ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె పాత బ్లేడు చుట్టూ డబ్బా గీసి, మైనస్‌తోనే అంకె కొట్టింది. పది కిలోలకు కొంచెం పైన వచ్చింది.

"మా కాటా మీద పదికి జర తక్కువ" అన్నాడు వెంకటేశ్వర్లు మెల్లిగా. వెంటనే అచ్చులు చేసేవాడికి ఫోను కలిపాడు.

"పని షురు చెయ్యి తమ్మీ. ఆఁ, మేడం గీసిందే." అవతలివాడు ఏదో అడిగినట్టున్నాడు. ఆయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి ఇటు తిరిగాడు. "బ్లేడు మీద పేరేం చెక్కాలె అంటుండు, మేడం."

బిందుమాధవి కాగితం లాక్కుని, తన పేరు పెద్ద అక్షరాలతో రాసి ఆయన ముందుకు జరిపింది. ఆయన ఫోనులో ఒక్కొక్క అక్షరమే చదివి చెప్పాడు.