సుగుణమ్మ టీచరు ఆటల పిరియడ్

సాయంత్రం పక్క బడి మైదానంలో పిల్లలు ఆడుతుంటే ఎర్రదుమ్ము లేచి మా కిటికీలోకి వస్తుంది. ఆ వాసనకు సుగుణమ్మ టీచరు గుర్తొస్తారు. ఆమె పోయారని పోయిన నెల తెలిసింది. అప్పటి నుంచి కిటికీ మూయబుద్ధి కావడం లేదు.

డెబ్బైల చివర ధర్మవరంలో నేను నాలుగో తరగతి. నాయనకు పట్టుచీరల అంగడి ఉండేది. వానలు లేని ఏడాది, తోటి పిల్లలు చాలామంది ఎముకలు తేలి ఉండేవారు. నేను మాత్రం బొద్దుగా ఉండి, నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసపడేదాన్ని. అంగడికి వచ్చినవాళ్లు నా బుగ్గ పుణికి, "సావుకారి బిడ్డంటే ఇట్లుండల్ల" అంటే నాయన మురిసిపోయేవాడు. నా ఒళ్లు చూసి వ్యాపారం బాగుందనుకునేవారు.

ఆటల పిరియడ్‌లో అందరి చెప్పులకూ నేను కాపలా. కొత్తగా వచ్చిన సుగుణమ్మ టీచరు అది చూశారు. "చెప్పులకు కాళ్లొచ్చి యాడికి పోతాయి? నువ్వు రా మే" అని ఖోఖో వరుసలో కూర్చోబెట్టారు. ఎవరినీ అందుకోలేకపోయేదాన్ని. పిల్లలు నవ్వేవారు. "అందకపోతే మళ్లా తరుము. ఆట యాడికీ పోదు" అనేవారు ఆమె. దసరా సెలవులు దాటేసరికి ఆయాసం తగ్గింది, లంగా నడుము దగ్గర వదులైంది.

నేను చిక్కడం ముందు కనిపెట్టింది మా అవ్వ. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. తర్వాత అంగడిలో ఒక మగ్గాలాయన, "ఏమప్పా, పాప చిక్కిపోయినాది, యాపారం తగ్గినాదా?" అని అడిగాడు. మర్నాడే నాయన బడికి వచ్చాడు.

"టీచరమ్మా, మా పాపను ఆడించొద్దు. ఈడ బక్కపిల్లలు శానామంది ఉండారు, వాళ్లను ఆడించుకో."

"వాళ్లు తిండి లేక బక్కగా ఉండారన్నా. మీ పాప ఆడి గట్టిపడతాంది. రెండూ ఒకటేనా?"

"చూసేటోళ్లకు ఒకటే" అన్నాడు నాయన.

నేను మళ్లీ చెప్పుల దగ్గరికి వెళ్లాను. మరుసటి ఏడాది టీచరుకు కంబదూరు బదిలీ అయింది. వెళ్లే రోజు నా పక్కన నేలమీదే కూర్చుని, "నాయన మీద కోపం పెట్టుకోవద్దు మే. కరువులో పెరిగినోడు. బిడ్డ చిక్కితే భయపడతాడు" అన్నారు.

ఆ మాట తప్పలేదు. నాయన పోయేదాకా ఆయనతో ఒక్కసారీ ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పుడు చక్కెర జబ్బుతో, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగుతూ అనుకుంటాను: ఆమె నన్ను కాస్త కోపగించుకోనిచ్చి ఉంటే బాగుండేది. ఏడ్చి, మొండికేసి, మళ్లీ ఆ వరుసలో కూర్చునేదాన్నేమో. ఆమె నేర్పినవాటిలో పరుగు పోయింది. ఓర్పు మాత్రం నా దగ్గరే ఉంది.