దీపంలో లేని బ్యాటరీ

మీరు ఫోన్ చేసినప్పుడల్లా మాట మధ్యలో తెగిపోయేది, గుర్తుందా? అవ్వకు ఫోన్ పట్టుకోవడం రాదని నవ్వేవాళ్ళు. బాగేపల్లిలో మా ఇంటికి సిగ్నల్ సరిగా అందేది దేవుడి గూటి పక్కనున్న కిటికీ దగ్గర మాత్రమే. నా పాత ఫోనేమో చార్జర్ తగిలించి ఉంచకపోతే పది నిమిషాలు నిలవదు. అక్కడున్నది ఒకే ప్లగ్గు. అందులో ఎప్పుడూ దేవుడి దీపం ఉండేది, చిన్న ఎర్ర బల్బు దీపం.

"దీపం తీసి చార్జర్ పెట్టుకోవే," అనేవారు మీ తాత.

వెలిగే దీపాన్ని తీయకూడదని చెప్పేదాన్ని. అదీ నిజమే. అసలు కారణం మాత్రం వేరే.

ఐదేళ్ళ కిందట, కరెంటు పోయినా లైట్లు, ఫ్యాన్లు నడిచేలా ఇంటికి యూపీఎస్ పెట్టించాం. సరిగ్గా దీపం పెట్టే వేళకే కరెంటు పోయి గూడు చీకటవుతుంటే నా మనసు ఒప్పేది కాదు. ఆ ప్లగ్గుకు కూడా యూపీఎస్ లైను ఇప్పించమని మీ తాతను అడిగాను.

"లైట్లకు, ఫ్యాన్లకు చాలు. కరెంటు పోయిండాదని దేవునికి తెలీదా?" అన్నారు.

ఆయన బయటికి వెళ్ళినప్పుడు, చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన మెకానిక్‌ను బతిమాలి ఆ ప్లగ్గుకు లైను కలిపించుకున్నాను. తర్వాత చింతామణి బజారులో కొత్త దీపం కొని తెచ్చి, లోపల బ్యాటరీ ఉంది, కరెంటు లేకున్నా వెలుగుతుందని చెప్పాను. ఆయన నమ్మారు. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించి మెచ్చుకునేవారు. ఆ మాట విని ఎదురింటామె చింతామణికి వెళ్ళి నాలుగు అంగళ్ళు తిరిగి వచ్చింది.

"యాడ కొన్నావక్కా? అట్లా దీపమే లేదంటాండారు."

"అయిపోయినట్టుండాయమ్మా," అన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి.

మొన్న ఆదివారం మీ ఫోన్ మళ్ళీ తెగిపోయాక, మీ తాత విసుగు పుట్టి రెండు ప్లగ్గుల బోర్డు కొనుక్కొచ్చారు. తాలూకు ఆఫీసులో ఫైళ్ళు చూసిన మనిషే గానీ, ఇంట్లో ట్యూబులైటు మార్చినా, కుక్కర్ పిడి బిగించినా ఆయనే. ఇంకొకరిని పిలవడం చిన్నతనమనుకుంటారు. మెయిన్ ఆపి, స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది, దీపం వెలుగుతోంది. ఫ్యాన్‌కు యూపీఎస్ ఉంది, దీపానికి బ్యాటరీ ఉంది అని ఆయన ధీమా.

దీపాన్ని ప్లగ్గులోంచి పీకారు. అది ఆరిపోయింది.

ఆయన దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బ్యాటరీ పోయినట్టుండాది. పాపం, ఐదేండ్లు వచ్చె," అని పక్కన పెట్టారు. స్క్రూ డ్రైవర్ అందుకున్నారు.

అప్పుడే చెప్పాల్సింది. మొదటి స్క్రూ తిరుగుతుంటే ఎదురింటామె ముఖం కళ్ళ ముందు నిలిచింది. కాఫీ తాగి చేద్దురుగానీ అని ఏదో ఒకటి చెప్పి ఆపుదామనుకున్నాను. అంతలో రెండో స్క్రూ కూడా ఊడి వచ్చేసింది. మూత తీసి, వైరు లాగడానికి రెండు వేళ్ళు చాచారు.

"చెయ్యి పెట్టొద్దండి! దాంట్లో కరెంటుండాది!"

"మెయిన్ ఆపినా కదే."

"ఆ ప్లగ్గుకు యూపీఎస్ ఉండాది. నేనే ఇప్పిచ్చినా. దీపంలో బ్యాటరీ లేదు."

ఆయన టెస్టర్ తెచ్చి వైరుకు ఆనించారు. అది వెలిగింది. లేచి వెళ్ళి యూపీఎస్ ఆపి వచ్చారు. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగింది.

"దేవుని దీపం ఆరకుండా నా దీపం ఆర్పుతాంటివి కదే!" అని నవ్వారు. మళ్ళీ, "ముందే చెప్పింటే నేనేమన్నా కొడతానా?" అన్నారు.

కొట్టరు. గట్టిగా అరిచే మనిషి కూడా కాదు. మరి ఎందుకు చెప్పలేదో ఆయనకు చెప్పలేకపోయాను. ఆ రెండు స్క్రూలు తిరిగినంతసేపూ నా అబద్ధం నిలబెట్టుకునే దారే వెతుక్కున్నాను, ఆయన వేళ్ళను చూసుకోలేదు. పనులన్నీ అయ్యాక ఒక్కదాన్నే కూర్చుంటే ఇదే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఒక ప్లగ్గులో దీపం, పక్కదాంట్లో చార్జర్. ఆ సాయంత్రం మీరు అరగంట మాట్లాడినా తెగలేదు. "ఏం విశేషం అవ్వా?" అంటే "ఏముంది, మామూలే" అన్నాను. అదీ అబద్ధమే. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ఎదురింటామెకు కూడా చెప్పాను. "నాలుగంగళ్ళు తిప్పిస్తివి కదక్కా," అని రెండు రోజులు మాట్లాడలేదు.

మీ తాత ఇప్పుడు ఏది విప్పాలన్నా ముందు నన్నే పిలుస్తున్నారు. నిన్న కొళాయి బాగుచేయబోతూ, "ఏమే, దీంట్లో కూడా ఏమన్నా పెట్టించిండావా? ఇప్పుడే చెప్పు," అని కేక వేశారు.

వంటింట్లోంచే లేదని చెప్పేయొచ్చు. పొయ్యి కట్టేసి, దగ్గరికి వెళ్ళి చూసి, ఏమీ లేదని చెప్పాను.